హిందీ మాట్లాడిన అమ్మవారు

ముప్పై ఏళ్ళ పైచిలుకు బడిలో పౌరశాస్త్రం చెప్పాను. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: ప్రభుత్వం అంటే ఏమిటి? పుస్తకంలో దానికి రెండు వాక్యాల జవాబు ఉండేది. పిల్లలు బట్టీపట్టి అప్పజెప్పేవారు, నేను మార్కులు వేసేదాన్ని. నాకు మాత్రం ఆ ప్రశ్నకు మూడు జవాబులు తెలుసు. మూడూ మా ఇంట్లోనే ఉండేవి. ఒకదాన్నొకటి తిట్టుకుంటూ ఒకే కుండలో వండిన అన్నం తినేవి. వాటి మధ్యే మా చెల్లెలు పోయింది.

అరవైలు మొదలైన రోజులు. జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న కంపెనీలో, రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. శ్రీకాకుళం పక్క పల్లెలో, జమీందారు గుమస్తా గుమ్మం ముందు నుంచి వెళ్ళాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన కుర్రాడు ఇక్కడికొచ్చి రెండు గదుల క్వార్టరు చూశాడు, గోడకి బల్బు చూశాడు, వీధి మొదట్లో కుళాయి చూశాడు. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు చూసిన రోజునే మా నాన్న మతం పుచ్చుకున్నాడని నేను అంటూ ఉంటాను. ఆయన దేవుడు సైరను. ఎండైనా వానైనా టయానికి మోగేది, ఊరంతా దాని మాట వినేది. కంపెనీ వేరు, సర్కారు వేరు అనే తేడా ఆయనకి లేదు. పైన ఎవరో పెద్దమనిషి ఉన్నాడు, ఆయనకి అందరూ గుర్తే, మనం చెప్పాల్సింది చెబితే ఆయన చెయ్యాల్సింది చేస్తాడు. అంతే ఆయన వేదాంతం. ఓట్ల రోజున తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్ళేవాడు. ఎవరికి వేశావు బావా అని మావయ్య అడిగితే, "సర్కారుకే ఏశాను" అనేవాడు.

మావయ్య అమ్మకి తమ్ముడు. బాగ్‌బేరాలో, రైలు యార్డు పక్కన, మట్టిగోడల మీద రేకులు కప్పిన ఒంటిగదిలో ఉండేవాడు. ఠీకాదారు, అంటే కంట్రాక్టరు, దగ్గర కూలి. పిలిస్తే పని, పిలవకపోతే పస్తు. పెళ్ళాం ఊళ్ళో ఉండేది. ఆ ఒంటిగదిని అప్పటికి రెండుసార్లు కూల్చేశారు. ఎవరు కూల్చారని అడిగితే "ఖాకీలోళ్ళు" అనేవాడు. ఏ ఖాకీ వాళ్ళు అంటే, "ఖాకీకి పేరేటి" అనేవాడు.

"టోపీ ఎట్టుకున్నోడు గుమ్మం తొక్కాడంటే ఏదో ఒకటి పట్టుకుపోడానికే బావా. ఇచ్చినోడు ఒక్కడున్నాడేటి?"

"కుళాయి ఇవ్వనేదేటి మరి?" అనేవాడు నాన్న.

"నీకిచ్చినారు. నా గుమ్మంకాడికి రానేదే ఆ కుళాయి."

ఇక్కడికొచ్చేసరికి నాన్న ఇంకో ముద్ద కలుపుకునేవాడు. కానీ మనసు మారేది కాదు. ఆదివారం ఆదివారం మావయ్య మా ఇంటికి అన్నానికి వచ్చేవాడు, ఈ మాటలే మళ్ళీ మొదట్నుంచీ అనుకునేవారు.

మూడో జవాబు నానమ్మది. ఆమె కడుపున పుట్టినవాళ్ళలో మిగిలింది నాన్న ఒక్కడే. మిగతావాళ్ళందర్నీ ఒకే వేసవిలో ఊరి అమ్మవారు తీసుకుందని చెప్పేది. అంతమందిని తీసుకుపోయిన తల్లి మీద ఆమెకి పిసరంత కోపం లేదు. ఒక్కణ్ణి వదిలిపెట్టిందని జన్మంతా దణ్ణాలు పెట్టింది. సర్కారు సంగతీ కంపెనీ సంగతీ ఆమెకి పట్టేది కాదు. "ఎవుడు రాజైతే మనకేటి, మన పొయ్యి మనమే ఊదుకోవాల" అనేసి వక్కపొడి నోట్లో వేసుకునేది.

అమ్మ ఏం నమ్మేదో ఎవరూ అడగలేదు. ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూనో తోముతూనో కనబడేది. ఆ ముగ్గురూ వాదించుకుంటుంటే మధ్యలోంచి వెళ్ళి కంచాలు తీసేది.

నా తర్వాత పుట్టినవాళ్ళు ఇద్దరు పురిట్లోనే పోయారు. అప్పుడు నానమ్మ ఊరి అమ్మవారికి మొక్కుకుంటే పుట్టింది మా చెల్లి. ఈ కథ జరిగేసరికి దానికి నాలుగేళ్ళు. నల్లగా, గుండ్రంగా, ఒక చోట నిలవకుండా ఉండేది. పొద్దస్తమానం వీధిలోనే పెరిగింది కనక దాని నోటికి హిందీయే వచ్చేది. మేం తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పేది. నానమ్మకి హిందీ ముక్క రాదు. వాళ్ళిద్దరికీ దుబాసీని నేనే. అప్పటికి నాకు పదేళ్ళు దాటాయి.

ఆ చలికాలంలో మా వీధికి టీకాలవాళ్ళు వచ్చారు. సంచి, సూదులు, దూది, వెనక ఒక నౌకరు. నాన్న అందరికంటే ముందు నన్ను తీసుకెళ్ళి వరసలో నిలబెట్టాడు. పక్క ఇళ్ళవాళ్ళ తలుపులు కూడా తనే తట్టాడు. చెల్లి కోసం వెనక్కి వచ్చేసరికి నానమ్మ దాన్ని చంకనేసుకుని లోపల గడియ పెట్టుకుంది.

"అడిగితే ఇచ్చిన తల్లిరా. ఇచ్చిన తల్లిని నమ్మకుండా ఈ గుంటకి సూదులు పొడిపిత్తావేటి? ఆ తల్లికెంత సిన్నతనం" అంది లోపల్నుంచే.

నాన్న మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కన్నతల్లిని ఎదిరించడం ఆయన వల్ల కాదు. టీకాలవాళ్ళకి మా పిల్లకి వద్దని చెప్పడం కూడా ఆయన వల్ల కాదు. చివరికి వాళ్ళ దగ్గరికెళ్ళి, పిల్ల ఊళ్ళో లేదని చెప్పి, మళ్ళీ వచ్చినప్పుడు వేయిస్తానన్నాడు. మళ్ళీ వస్తారని ఆయనకి గట్టి నమ్మకం. సర్కారు కదా, ఒకసారి వచ్చాక మానేస్తుందా. ఆదివారం మావయ్య వచ్చి సంగతి విని నానమ్మని మెచ్చుకున్నాడు. "మంచి పని సేశావు అత్తా. ఇయాల సెయ్యి సాపితే రేపు ఏటడుగుతారో" అన్నాడు. జీవితంలో వాళ్ళిద్దరికీ మాట కలిసింది అదే మొదటిసారి.

ఎండలు ముదిరాక చెల్లికి జ్వరం వచ్చింది. ఒళ్ళు పేలిపోయే జ్వరం. తర్వాత ముఖం మీద, చేతుల మీద పొక్కులు లేచాయి. నానమ్మ దాని చొక్కా విప్పి చూసి, రెండు చేతులూ జోడించి నేల మీద కూలబడింది.

ఆ క్షణం నుంచి మా ఇంట్లో భాష మారిపోయింది. పొద్దున దాకా "ఒలే గుంటా" అని పిలిచిన పిల్లని నానమ్మ "తల్లీ" అనడం మొదలుపెట్టింది. జబ్బు అనకూడదు. పోసింది అనాలి. తగ్గిందా అని అడగకూడదు, తల్లి చల్లబడిందా అనాలి. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు పెట్టడం మానేశారు, నూనె గిన్నె అటక ఎక్కింది. నాన్న గడ్డం గీసుకోకూడదు. మంచం చుట్టూ పసుపునీళ్ళు చల్లారు. మా ప్రాంతంవాళ్ళ ఇళ్ళలో ఇదంతా మామూలే. ఒంట్లోకి వచ్చింది రోగం కాదు, ఊరి తల్లే. వచ్చిన తల్లికి మర్యాద చేస్తే తనంతట తనే వెళ్ళిపోతుంది. ఆమె ఏది అడిగితే అది ఇవ్వాలి. కాదన్నామో, పిల్లని తీసుకుని మరీ వెళుతుంది.

చెల్లికి మొదట ఆశ్చర్యం వేసింది. తర్వాత నచ్చింది. జ్వరం కాస్త తగ్గిన పూట, తను ఏమడిగినా దొరుకుతోందని కనిపెట్టింది. "లెమన్‌చూస్. లాల్‌వాలా" అంది.

"తల్లి ఏటంటందే?" అని నానమ్మ నన్నడిగింది.

"ఎర్ర బిళ్ళ కావాలంట."

నానమ్మ ఆ ఎండలో చెప్పుల్లేకుండా వెళ్ళి మలుపులో దుకాణం నుంచి ఎర్ర బిళ్ళలు తెచ్చి, వాటి మీద పసుపునీళ్ళు చల్లి నైవేద్యం పెట్టింది. తర్వాత చెల్లి నా జడ రిబ్బను అడిగింది. ఇచ్చేశాను. వీధిలో తిరిగే మేకపిల్లని అడిగితే దాన్ని కూడా తెచ్చి గుమ్మంలో నిలబెట్టారు. ఆ రోజుల్లో మా చెల్లి నవ్వడం నాకు గుర్తుంది. పెదవుల మీద పొక్కులు ఉండటం వల్ల సగమే నవ్వేది.

నానమ్మకి ఒక్కసారి మాత్రం అనుమానం వచ్చింది. "మనూరి తల్లి హిందీ మాటాడతదేటి?" అంది.

"ఈ ఊరొచ్చాక ఎవులైనా హిందీ మాటాడాల్సిందే అత్తా. నేకపోతే కూలి దొరకదు" అన్నాడు మావయ్య. నానమ్మ ఆలోచించి, నిజమే అనుకుంది.

నాన్న మటుకు తన దారిన తను వెళ్ళాడు. కంపెనీ ఆస్పత్రిలో చెప్పాల్సినవాళ్ళకి చెప్పి వచ్చాడు. ఆయన ముఖం తేటపడింది. "రేపు పొద్దున్న గాడీ వత్తాది. అంటురోగాల ఆస్పత్రికి తీసికెల్తారు. అందాకా పిల్లని కదపొద్దన్నారు" అన్నాడు.

"నన్ను పక్కనుండనిత్తారా?" అని అడిగింది అమ్మ.

"అది అడగనేదు. ఉంచుతార్లే. ఆళ్ళకి తెలవదేటి" అన్నాడు నాన్న. రెండో షిఫ్టుకి టయమవుతోందని టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరాడు. పిల్లకి అలా ఉంటే డ్యూటీకి ఎలా వెళ్ళాడని ఇప్పటివాళ్ళు అడుగుతారు. ఆయన లెక్కలో ఆయన చెయ్యాల్సింది చేసేశాడు. ఇక మిగిలింది పైవాళ్ళ పని. సైరను మోగుతుంటే ఇంట్లో కూర్చోవడం ఆయన ఎరగడు.

ఆయన వెళ్ళాక మావయ్య వచ్చాడు. గాడీ మాట వినగానే ముఖం నల్లబడింది. అంటురోగాల ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారని బస్తీలో అందరూ అనేవారు. చివరి ఊపిరి మీద ఉన్నవాళ్ళని తప్ప అక్కడికి ఎవరూ పంపేవారు కాదు, తిరిగి ఎలా వస్తారు? ఆ ముక్క ఇప్పుడు నాకు తడుతోంది. అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

"రేపు తెల్లారేసరికి ఎత్తుకుపోతారు. మళ్ళీ మొకం సూడనివ్వరు అప్పా. మా ఇంటికి తీసికెల్లిపోదాం. ఆ సందుల్లో ఏ గాడీ దూరదు" అన్నాడు అమ్మతో.

అమ్మ నానమ్మ వైపు చూసింది. నానమ్మ అటూ ఇటూ కాకుండా, "మనమెవులం సెప్పడానికి? తల్లినే అడుగుదాం" అని మంచం దగ్గర కూర్చుంది. చేతులు జోడించి, "తల్లీ, నువ్వెక్కడుంటావు? సెప్పు తల్లీ" అని అడిగింది.

చెల్లి కళ్ళు విప్పింది. ఒక కన్ను సరిగా విచ్చుకోలేదు. "మామా కే ఘర్" అంది. కాసేపాగి, "రేల్ దేఖేంగే" అంది.

నానమ్మ నా వైపు తిరిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. మావయ్య ఇంటికెళ్ళి రైళ్ళు చూడాలంటోందని.

మావయ్య ఇంటి కిటికీలోంచి యార్డంతా కనిపిస్తుంది. అక్కడికి వెళితే చెల్లి ఆ కిటికీకి వేలాడి, పోయే వ్యాగన్లని నోటికొచ్చిన అంకెలతో లెక్కపెట్టేది. ఆ సంగతి నానమ్మకి తెలుసు. అందరికీ తెలుసు. అయినా నానమ్మ నేలకి తల ఆనించి దణ్ణం పెట్టింది. "ఆజ్ఞ అయిపోనాది" అంది.

"జొరంలో ఏదో అన్నాది అత్తా. సిన్నపిల్ల" అంది అమ్మ.

"ఇప్పుడది సిన్నపిల్ల కాదు."

మావయ్య రిక్షా తెచ్చాడు. దాని చుట్టూ అమ్మ పసుపు చీర తెరలా కట్టారు. పొద్దు వాలుతుండగా చెల్లిని అమ్మ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాం. కుళాయి దాటాం, బల్బులు దాటాం, రోడ్డు అయిపోయి గతుకులు మొదలయ్యాయి. గతుకు పడినప్పుడల్లా చెల్లి మూలిగేది. నానమ్మ వేపమండతో విసురుతూ "పల్లకీ తల్లీ, నీకు పల్లకీ" అనేది.

పొద్దున్న గాడీ చెప్పినట్టే వచ్చిందట. నాన్న దాని కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే ఆయనకి సంగతి అర్థమైంది. మర్యాదగా అంతా చెప్పాడు. బాగ్‌బేరా మా హద్దు కాదు, అక్కడికి సర్కారీ వాళ్ళు వెళ్ళాలి అన్నారట వాళ్ళు. అయితే సరేనని నాన్న సర్కారీ వాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాడు. అక్కడ కూడా చెప్పాడు. మధ్యాహ్నానికి మావయ్య ఇంటికి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సెప్పాను. వత్తారు" అని అరుగు మీద కూర్చున్నాడు. చెల్లిని మళ్ళీ ఎత్తుకుని ఆస్పత్రికి నడుద్దామని ఆయనకి తోచలేదు. కదపొద్దన్నారు కదా.

ఆ రేకుల కింద పగలంతా పొయ్యిలో ఉన్నట్టే ఉండేది. చెల్లిని కిటికీ పక్కన పడుకోబెట్టాం. రైళ్ళు పోతూనే ఉన్నాయి. దాని కళ్ళు రెండూ మూసుకుపోయి ఉన్నాయి. శబ్దం విని తల తిప్పేది. నేను వ్యాగన్లు లెక్కపెట్టి చెప్పేదాన్ని. మొదటి రోజు వింది. తర్వాత వినడం మానేసింది.

బాగ్‌బేరాలో ఆ పక్కన కుళాయి లేదు. పట్టాలు దాటి చాలా దూరం వెళితే ఇంజన్లకి నీళ్ళు పట్టే పెద్ద గొట్టం ఉండేది. ఇంజను నీళ్ళు తాగి కదిలాక గొట్టంలోంచి కారే నీళ్ళని బస్తీవాళ్ళు బిందెలకి పట్టుకునేవారు. అమ్మ రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. ఆమె తెచ్చిన నీళ్ళలో సగానికి నానమ్మ వేపాకు, పసుపు కలిపి గదంతా కడిగేది. తల్లి ఉన్న చోటు శుభ్రంగా ఉండాలి.

మూడో రోజు ఎండ నడినెత్తిన ఉంది. చెల్లి "పానీ" అంది. చాలాసేపటి తర్వాత అది మాట్లాడిన మాట. అమ్మ చెంబు ముంచబోతే బిందె ఖాళీ. నానమ్మ అప్పుడే గది కడిగింది.

అమ్మ బిందె తీసుకుని, చిన్న బిందె నా చేతికిచ్చింది. గుమ్మంలో నాన్న, మావయ్య, నానమ్మ ముగ్గురూ ఉన్నారు. "పిల్ల దాహమంటంది. నీళ్ళు తెత్తాను. ఎవులైనా లోపల కూకోండి" అంది.

"నేనున్నాను కదా, ఎల్లు" అంది నానమ్మ.

మేం వెళ్ళేసరికి గొట్టం కింద ఇంజను ఉంది. అది కడుపునిండా తాగేదాకా నిలబడ్డాం. కారిన నీళ్ళతో బిందెలు నింపుకుని వెనక్కి వస్తుంటే దారికడ్డంగా గూడ్సు పోతోంది. ఇనపరాయి వ్యాగన్లు, ఒకదాని వెనక ఒకటి, ఎంతకీ తరగలేదు. అమ్మ నెత్తి మీద బిందెతో పట్టాల పక్కన నిలబడింది. పెదవులు కదుపుతోంది. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. దగ్గరికెళితే, వ్యాగన్లు లెక్కపెడుతోంది.

మలుపు తిరగ్గానే మా వాళ్ళ గొంతులు వినిపించాయి. సందు చివర జీపు చప్పుడు విన్నాడట మావయ్య. పిల్లని ఇక్కణ్ణుంచి కూడా తీసేసి ఠీకాదారు షెడ్డులో దాచేద్దామంటాడు. వాకిలికి అడ్డంగా నిలబడి నాన్న, వాళ్ళు వస్తున్నది మన కోసమే, కదపనివ్వనంటాడు. తల్లిని అడక్కుండా మీరెవరర్రా మాట్లాడటానికి అంటుంది, తనూ వాకిట్లోకి వచ్చేసిన నానమ్మ.

"నా కూతురు" అంటున్నాడు నాన్న.

"నా ఇల్లు బావా ఇది. ఆళ్ళని నా గుమ్మం తొక్కనివ్వను."

"ఎవుల కూతురు? ఎవుల ఇల్లు? అది అమ్మవారి బిడ్డరా."

మమ్మల్ని చూసి ముగ్గురూ ఆగారు. ముగ్గురూ అమ్మనే అడిగారు, నువ్వు చెప్పు అని. ఆమెని ఎవరైనా ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. అమ్మ బిందె దించకుండానే వాళ్ళ మధ్యలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. అమ్మ చెల్లి తలని మోచేతి మీద పెట్టుకుని గ్లాసు దాని నోటికి ఆనించింది. నీళ్ళు రెండు పక్కలా కారిపోతున్నాయి. అమ్మ మళ్ళీ గ్లాసు నింపింది, మళ్ళీ పోసింది. నీళ్ళు అయిపోయేదాకా పోస్తూనే ఉంది. బయట మాటలు ఇంకా వినిపిస్తున్నాయి.

ఆ జీపు మా కోసం వచ్చింది కాదు. ఎటో వెళ్ళిపోయింది. సర్కారీ వాళ్ళు మర్నాడు వచ్చారు. చెల్లి పడుకున్న గుడ్డలన్నీ కుప్పపోసి తగలబెట్టారు, గదిలో తెల్లపొడి చల్లారు, బస్తీలో అందరికీ టీకాలు పొడిచారు. "సూశావా, వచ్చారు" అన్నాడు నాన్న మావయ్యతో. అందులో వెటకారం లేదు. ఆయనకి నిజంగానే అందులో ఏదో ఊరట దొరికింది. నాకు ఆ క్షణంలో ఆయన మీద పుట్టినంత అసహ్యం మరెవరి మీదా, ఎప్పుడూ పుట్టలేదు. అది పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను.

ఇంత జరిగాక మా ఇంట్లో ఎవరో ఒకరు మారతారని ఎదురుచూశాను. పదేళ్ళ పిల్లకి ఆ మాత్రం ఆశ ఉండదా. ఎవరూ మారలేదు. పిల్ల పోవడంతో ముగ్గురికీ తమ నమ్మకమే నిజమని రుజువైంది. టీకా వేయించి, గాడీ వచ్చేదాకా పిల్లని కదపకుండా ఉంటే బతికేదన్నాడు నాన్న. పైవాళ్ళ మాట వినకపోవడం వల్లే ఇదంతా. చెప్పాల్సిందంతా చెప్పినా పిల్ల పోయేదాకా ఒక్కడు రాలేదు, పోయాక గుడ్డలు కాల్చడానికి మాత్రం వచ్చారు, నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా అన్నాడు మావయ్య. నానమ్మ ఇద్దర్నీ తిట్టింది. తల్లి ఉన్న ఇంటి వాకిట్లో సర్కారు పేరెత్తి కొట్టుకున్నారు, ఏ తల్లి నిలుస్తుంది, అలిగి వెళ్ళిపోయింది, వెళుతూ తన బిడ్డని తను తీసుకుపోయింది అంది. ఒక్క చావు ముగ్గుర్నీ గెలిపించింది. ఆదివారాలు మావయ్య వస్తూనే ఉన్నాడు. అన్నం తింటూ మళ్ళీ అవే మాటలు. ఈసారి అందరి దగ్గరా చెల్లి కూడా ఒక సాక్ష్యం.

రెండేళ్ళకి తమ్ముడు పుట్టాడు. వాడు పాకే వయసులో టీకాలవాళ్ళు మళ్ళీ వచ్చారు. వస్తారని నాన్న అన్నది నిజమే. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వాళ్ళకి ఎదురెళ్ళాడు. నానమ్మ లేచి కొంగు బిగించింది. ఆ రోజు మావయ్య కూడా ఉన్నాడు, మాట మొదలుపెట్టబోయాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి, తమ్ముణ్ణి ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. నానమ్మకి కూడా తలుపు తియ్యలేదు. టీకాలవాళ్ళు వెళ్ళిపోయారు, నాన్న బతిమాలాడు, నానమ్మ అమ్మవారి కుంకుమ పట్టుకుని పిలిచింది. అమ్మ ఏ ఒక్కరికీ జవాబివ్వలేదు. చీకటి పడ్డాక తలుపు తీసి, పొయ్యి వెలిగించింది. మా ఇంట్లో అప్పటికి మిగతా ముగ్గురికీ పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంది. అమ్మకి ఏదీ లేదు. అది చూసి నాకు భయం వేసింది.

తమ్ముడు బతికాడు. ఎందుకు బతికాడంటే కారణమేమీ లేదు. ఆ ఏడూ, ఆ మరుసటేడూ మా వీధికి ఆ జబ్బు రాలేదు, అంతే. కానీ దానికి కూడా మా ఇంట్లో మూడు కారణాలు చెప్పుకున్నారు. ఊరందరికీ సర్కారు టీకాలు వేసింది కనక అని ఒకరు, సర్కారు సూది తగలలేదు కనక అని ఒకరు, తల్లికి కోపం తీరింది కనక అని ఒకరు. చెల్లి చావుకి పనికొచ్చిన నమ్మకాలే తమ్ముడి బతుక్కీ పనికొచ్చాయి.

నా పెళ్ళి కుదిరిన ఏడాదే ఓట్లు వచ్చాయి. ఆ ఆదివారం అన్నాలయ్యాక నాన్న, మావయ్య వాకిట్లో కూర్చుని సర్కారు గురించి గొంతులు చించుకుంటున్నారు. నానమ్మ మధ్యమధ్య తన వంతు విసురుతోంది. లోపల అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ ఒక చెయ్యి వేశాను. నేనప్పటికి కాలేజీ చదువుతున్నాను, పుస్తకాల్లో ప్రభుత్వాల గురించి చాలా చదివాను. ఎన్నాళ్ళనుంచో నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగేశాను.

"అమ్మా, ఆ ముగ్గురిలో ఎవరి మాట నిజమంటావు?"

అమ్మ చేట కుదిపి, ఒక రాయి తీసి పక్కన పెట్టింది.

"ముగ్గురిదీ నిజమేనే" అంది. "ఆయేళ ముగ్గురూ బయటే ఉన్నారు."